సపిండ వివాహం, మేనరికం

హిందూ వివాహ చట్టం రెండు రకాల బంధువుల మధ్య పెళ్ళిని నిషేధిస్తుంది. ఒకరు సపిండులు, రెండోవారు నిషిద్ధ బంధువులు. వధూవరులిద్దరి ఆచారమూ ఒప్పుకుంటే ఈ నిషేధం వర్తించదు. తెలుగు ఇళ్ళలో తరతరాలుగా సాగుతున్న మేనరికానికి చట్టంలో ఆధారం ఈ మినహాయింపు ఒక్కటే.

సంబంధం కలుపుకోవాలంటే తల్లి వైపు అయిదు తరాలు, తండ్రి వైపు ఏడు తరాలు దాటాలన్నది యాజ్ఞవల్క్య స్మృతి. ఒకే శరీరపు అంశాలు పంచుకున్నవారే సపిండులని దాని వ్యాఖ్య మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు వివరించాడు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసుకున్నవాడికి మనుస్మృతి చాంద్రాయణ వ్రతాన్ని ప్రాయశ్చిత్తంగా విధించింది. బౌధాయన ధర్మసూత్రం మాత్రం అలాంటి పెళ్ళిని దక్షిణాది వారి ప్రత్యేకాచారాల్లో ఒకటిగా చెప్పి, ఆ ప్రాంతంలో దానికి దేశాచారమే ప్రమాణమంది. ఈ వాదాన్ని కుమారిల భట్టు ఖండించాడు. దేవణ్ణభట్టు స్మృతిచంద్రిక, మాధవాచార్యుడి పరాశరమాధవీయం మేనమామ కూతురితో పెళ్ళిని సమర్థించాయి. పండితుల వాదోపవాదాలు ఎలా ఉన్నా, క్రీ.శ. 3వ శతాబ్దంలోనే ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు మేనత్త హమ్మసిరి కూతురు బాపిసిరిని పెళ్ళాడినట్లు నాగార్జునకొండ శాసనాలు చెబుతున్నాయి.

స్పష్టంగా రుజువైన ఆచారం శాస్త్ర వచనాన్ని మించుతుందని 1868లో రామనాథపురం జమీందారీ వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ తీర్పిచ్చింది. అది దత్తత తగాదా. అయినా ఆ సూత్రం పెళ్ళిళ్ళకూ అండ అయింది. గోత్రం సంగతి వేరు. సగోత్ర వివాహాలకున్న అడ్డును 1946 నాటి చట్టం తొలగించింది. ఇప్పుడు ఒకే గోత్రం కావడం పెళ్ళికి చట్టరీత్యా ఆటంకం కాదు. సంబంధాలు చూసేటప్పుడు గోత్రం గురించి పడే ఆరాటంలో కొంతైనా తరాల లెక్క మీద పెట్టడం మంచిది.

1955 నాటి హిందూ వివాహ చట్టం పాత హద్దులను కుదించి తల్లి వైపు మూడు, తండ్రి వైపు అయిదు తరాలుగా నిర్ణయించింది. ఎవరి సంగతి చూస్తున్నామో ఆ వ్యక్తే మొదటి తరం. ఇద్దరికీ ముత్తాత ఒకడే అనుకుందాం. వరుడికి తండ్రి ద్వారా, వధువుకూ తండ్రి ద్వారా ఆయన ముత్తాత అయితే, ఇద్దరికీ నాలుగో తరమే కాబట్టి వారు సపిండులు; ఆచారం లేకపోతే ఆ పెళ్ళి చెల్లదు. అదే వధువుకు ఆయన తల్లి ద్వారా ముత్తాత అయితే, ఆమె వైపు హద్దు మూడో తరంతోనే ముగిసింది. ఇక సపిండ సంబంధం లేనట్లే. ఇరువైపులా హద్దు లోపల ఉంటేనే నిషేధం.

నిషిద్ధ బంధుత్వాల జాబితా మన వరసలను పట్టించుకోదు. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలతో పాటు అన్నాచెల్లెళ్ళ పిల్లలూ అందులో ఉన్నారు. అంటే బావామరదళ్ళు! మేనమామ, మేనకోడలు కూడా ఉన్నారు. అందుకే ఆచారానికి అంత ప్రాధాన్యం. అది చాలాకాలంగా, ఎడతెగక, ఒకే తీరున సాగినదై ఉండాలి, అసమంజసం కాకూడదు. ఉందని చెప్పేవారే దాన్ని నిరూపించాలి. ప్రత్యేక వివాహ చట్టం 1963 సవరణ తర్వాత నిషిద్ధ బంధుత్వానికి ఒకరి ఆచారం ఒప్పుకున్నా చాలంటుంది. హిందూ వివాహ చట్టానికి ఇద్దరి ఆచారమూ కావాలి.

సపిండ నిషేధం రాజ్యాంగ విరుద్ధమన్న సవాలును 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చింది. నిషేధాన్ని మీరితే నెల వరకు సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. చెల్లని పెళ్ళిలో పుట్టినా పిల్లలు సక్రమ సంతానమే. ఉమ్మడి ఆస్తిలో తల్లి లేదా తండ్రి వంతుకు వచ్చే భాగంలో వారికీ వాటా ఉంటుందని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.