దేశకాలములు, కర్మల తూనిక

వసిష్ఠ గోదావరి అంతర్వేదియొద్ద సముద్రమున కలియుటకు కొంత యెగువన, రాజోలు సీమవారు సఖినేటిపల్లి రేవులో పడవ యెక్కి చేరుకొను ఆవలి గట్టున, మాధవాయపాలెము నరసాపురముల పరిసరములలో, పదునేడవ శతాబ్దమున తూర్పుతీరమునందెల్ల పేరెన్నికగన్న ఓడల నిర్మాణము సాగుచుండెను; 1614లో గ్లోబు అను ఇంగ్లీషు ఓడ సైతము మరమ్మతునకై అచ్చటికే వచ్చెను. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలమున మచిలీపట్టణమునుండి ఎర్రసముద్రమునకు తెరచాప లెత్తిన ఓడలు కోస్తా బట్టలతోపాటు హజ్ యాత్రికులనుకూడ మోసికొని పోయెడివి. మక్కా మదీనాలలోని బీదలకు పంచుటకై సుల్తాను దానముగా పంపిన బియ్యమును వానిలో నుండెడిది. కృష్ణా గోదావరుల నడుమ బీదలు లేక కాదు. ముంగిటనున్న ఆకలిని దాటించి అంతదూరము సముద్రముమీద బియ్యము పంపుటకు కీర్తికాంక్షయు, రాజనీతియు కొంత కారణము కావచ్చును. అక్బరు చక్రవర్తియు ఆ నగరములకు విస్తారముగ ధనము పంపినవాడే. కాని ఒకే పిడికెడు బియ్యము ఒకచోట పంచినచో ఒక ఫలమును, వేరొకచోట పంచినచో దానికి మించిన ఫలమును ఇచ్చునను విశ్వాసమొకటి ఆ పంపకమునకు మూలమున కలదు. అది యెచ్చట పుట్టినదో, ఎట్లు పెరిగినదో, ఏ కట్టుబాట్లకు లోబడినదో విచారింపదగియున్నది.

కోనసీమ పాఠకునకు ఈ భావము అపరిచితము కాదు. జంబూద్వీపము మొదలు గోదావరీతీరము వరకును, కల్పము మొదలు తిథివారముల వరకును దేశకాలములను నుడివి సంకల్పము చెప్పినగాని కర్మకు పూనుకొనని వేదపండితుల సీమ యిది. పన్నెండేండ్ల కొకసారి పుష్కరస్నానమునకును, మాఘశుద్ధ ఏకాదశినాడు అంతర్వేది తీర్థమునకును జనము విరుగబడుట యీ విశ్వాసముచేతనే. అన్యక్షేత్రమున చేసిన పాపము పుణ్యక్షేత్రమున నశించునుగాని, పుణ్యక్షేత్రముననే చేసిన పాపము వజ్రలేపమగునని పెద్దలు హెచ్చరించుటయు మన మెరిగినదే. పోలికను ఇంతటితో ఆపుట మేలు. అరేబియాలో ఈ భావమునకు బీజము యెడారి బాటలమీద, సంతలలో పడినది.

ఇస్లామునకు పూర్వమే అరబ్బు తెగలు ఏటిలో నాలుగు మాసములను యుద్ధమునకు నిషిద్ధములుగ నెంచెడివి: జుల్‌ఖాదా, జుల్‌హిజ్జా, ముహర్రములు వరుసగాను, రజబు విడిగాను. తండ్రిని చంపినవానిని కొడుకు వెదకి చంపుట ధర్మమైన ఆ సీమలో, కాబా దర్శనమునకును, ఉకాజు సంతకును పోయి ప్రాణములతో తిరిగి రావలెనన్న అట్టి కట్టడి తప్పనిసరి. మక్కా చుట్టును ఎల్లలు పాతి, వాని లోపల వేటాడరాదనియు, చెట్టు నరుకరాదనియు, రక్తము చిందింపరాదనియు నియమించిరి, అదియే హరము. పవిత్రత యనగా తొలినాళ్ల నక్కడ అభయము, నిషేధము. పుణ్యపు లెక్కలు పిమ్మట వచ్చినవి. ఖురాను ఈ యేర్పాటును త్రోసివేయక, మక్కా నగరపు అభయమును ఇబ్రాహీము ప్రార్థనతో ముడివేసి, ఆ నాలుగు మాసములను తొమ్మిదవ అధ్యాయమున స్థిరపరచి, వానియందు జనులు తమకు తామే అన్యాయము చేసికొనరాదని ఆదేశించెను. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించిన నాటినుండియు తెలుగువారు ఈ భాగములను స్వభాషలోనే చదువుకొనగలుగుచున్నారు.

పుణ్యాధిక్యపు సంఖ్యలు ముఖ్యముగ ప్రవక్త వాక్యములైన హదీసులలోనివి. మదీనాలోని తన మసీదున చేసిన యొక్క నమాజు ఇతరత్ర చేసిన వేయి నమాజులకంటెను, మక్కాలోని మస్జిదుల్ హరామున చేసినది లక్ష నమాజులకంటెను మేలని వానియందు కలదు. ఆరాధనార్థమై ప్రయాణము కట్టదగిన మసీదులు ఆ రెండును, జెరూసలేములోని అఖ్సాయు మాత్రమే యనియు కలదు. దర్గాల యాత్రలను గూర్చి ఉలమాలలో నేటికిని తెగని వాదమునకు ఆ మాటయే మూలము, ఆ వాదముతో పనిలేక నెల్లూరు బారాషహీదు దర్గాలో ముహర్రము రొట్టెలు చేతులు మారుచునే యున్నవి. లక్ష యను సంఖ్యను చూచి బాకీపడిన నమాజులన్నియు ఒక్కపూటతో తీరునని యాశపడువారికి పదుమూడవ శతాబ్దపు ఇమాము నవవీ ఏనాడో అడ్డుకట్ట వేసెను: రెండు నమాజులు బాకీయున్నవాడు మదీనాలో ఒకటి చేసినంతమాత్రమున రెండవది చెల్లదు. రాతియందు స్వతస్సిద్ధమైన శక్తి యేదియు లేదనుటకు ఖలీఫా ఉమరు నడవడి చాలును. కాబాలోని నల్లరాతిని ముద్దిడుచు, నీవు మేలుగాని కీడుగాని చేయలేని రాయివని నే నెరుగుదును, ప్రవక్త ముద్దిడుట చూచితిని గనుక నేనును ముద్దిడుచున్నానని ఆయన చెప్పెనట. భూమి యంతయు తనకు మసీదుగా చేయబడెనని పలికినవాడును ఆ ప్రవక్తయే. అమలాపురమున కొబ్బరితోట గట్టుమీద పరచిన చాపపై చేసిన నమాజునకు లోటేమియు లేదు.

జనులు ఈ లక్షల లెక్కను జ్ఞాపకముంచుకొన్నంతగా రెండవ ప్రక్కను జ్ఞాపకముంచుకొనరు. హరములో అక్రమమునకు తలపెట్టినవానికే కఠినశిక్ష కలదని ఖురాను ఇరువదిరెండవ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఇతరత్ర మనసున మెదలి అణగిపోయిన చెడు తలపునకు శిక్ష లేదనువారు సైతము ఇచ్చట వెనుదీసిరి. ప్రవక్తకు పినతండ్రి కుమారుడును, ఖురాను వ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడునైన ఇబ్ను అబ్బాసు తుదిదినములలో మక్కాను విడిచి తాయిఫునకు పోయి అచ్చటనే కన్నుమూసెను. పాపము సైతము బరువెక్కు చోట కాపురముండుటకు వెరచియే ఆయన యట్లు చేసెనని చెప్పుదురు. లక్ష నమాజుల ఫలమును కాలదన్నుకొని పోయిన ఆ వృద్ధుని భయమే, ఫలము లెక్కించుకొను యాత్రికుల యుత్సాహముకంటె నాకు ఈ సిద్ధాంతపు లోతును ఎక్కువగ తెలుపుచున్నది. ఆయన శిష్యుడైన ముజాహిదు మక్కాలో పుణ్యములవలెనే పాపములును హెచ్చవేయబడునని పలికెను. సత్కార్యమునకు పదిరెట్లు, దుష్కార్యమునకు అంతకంతయే యను ఖురాను వాక్యముతో ఇది పొసగునా యని తరువాతివారు తర్కించిరి. 1350లో మరణించిన దమస్కు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిము దీనికి సమాధానము చెప్పెను: పాపము సంఖ్యలో ఒకటియే, పరిమాణమున పెరుగును, రాజుగారి కొలువుకూటమున చేసిన తప్పు ఊరిబయట చేసిన తప్పువంటిది కాదు.

కాలమును గూర్చిన విశ్వాసమునకు శిఖరము రంజానులోని షబే ఖదర్. ఆ యొక్క రాత్రి వేయి మాసములకంటె మేలని ఖురాను పలికినది. అనగా ఎనుబదిమూడేండ్ల నాలుగు నెలలు, ఒక నిండు ఆయుర్దాయము. అది యే రాత్రియో నిర్ధారణగ చెప్పక, చివరి పది రాత్రులలో వెదకికొనుడని మాత్రము చెప్పిరి. ఇరువదియేడవ రాత్రియని మనవారు మసీదులను దీపాలంకృతము చేయుదురుగాని, దాచుటలోని యుద్దేశము పది రాత్రులును మేలుకొనవలెననియే. రాజమహేంద్రవరములోని పెద్ద మసీదు ద్వారముమీది పారసీక శాసనము హిజరీ 724 రంజాను 20, అనగా 1324 సెప్టెంబరు 10 నాటిది. ఆనాటి సూర్యాస్తమయముతోనే ఆ పది రాత్రులు ఆరంభమగును. మా సీమకు ద్వారమువంటి పట్టణమున, ఢిల్లీనుండి వచ్చిన తుగ్లకు సేనాధిపతులు ఆ తేదీని కోరి యెన్నుకొనిరో లేదో గాని, శిలమీద నిలిచినది మాత్రము ఆ పుణ్యదినమే.

నేడు కోనసీమలో రంజాను రాత్రుల పొడవు ముస్లిముల తరువాత బాగుగ నెరిగినవారు, కువైటునకు, మస్కటునకు, ఖతారునకు ఇంటిపనులకై పోయి వచ్చిన హిందూ క్రైస్తవ స్త్రీలు. ఇఫ్తారు వంటలతో మొదలై, వచ్చిపోవు చుట్టములతో సాగి, సహెరీ గిన్నెలు తోమువరకు వారికి నడుము వాల్చుటకు తీరిక దొరకదు. కొన్ని యిండ్లలో ఆ మాసముననే చేతినిండ దానము దొరకును. కొన్ని యిండ్లలో నెలల జీతము నిలిచిపోవును. అసత్యమును విడువనివాడు అన్నపానములు విడుచుటతో దేవునకు పనిలేదనియు, పని చేయించుకొని కూలి యెగవేసినవానికి తీర్పుదినమున దేవుడే ప్రత్యర్థి యగుననియు హదీసులలో స్పష్టముగ నున్నది. రంజానులో రోజాకు హెచ్చు ఫలమున్నచో, రంజానులో ఎగవేసిన జీతమునకును హెచ్చు బరువుండవలెను. ఇబ్ను అబ్బాసు లెక్క అదియే.

ఇక ఒక మాట. తమకు యుద్ధము కావలసినపుడు ముహర్రము నిషేధమును తరువాతి మాసమగు సఫరునకు వాయిదావేయు నసీ యను ఆచారమొకటి పూర్వపు అరబ్బులలో నుండెడిది. అది మన అధికమాసమువంటి సవరణయని కొందరు పండితుల మతము. ఖురాను దానిని నిషేధించెను. 632లో ప్రవక్త తన కడపటి హజ్ ప్రసంగమున, ఏడాదికి పండ్రెండే మాసములని చాటెను. నాటినుండి చాంద్రమాసములు ఏటేట సుమారు పదునొకండు దినములు వెనుకకు జరుగుచు ముప్పదిమూడేండ్లకు ఋతుచక్రమంతయు చుట్టివచ్చుచున్నవి. అందుచే రోజాలు రోహిణికార్తె యెండలలోను, గోదావరి వరదలలోను, సార్వా కోతలలోను పడుచుండును. ఏ ఋతువునకును ఈ పుణ్యము గుత్తకు చిక్కలేదు. లెక్కప్రకారము 2030 జనవరి మొదటి వారమున రంజాను ఆరంభము కావలెను. ఆ యేటి కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థము రోజాల నడుమనే జరుగును.