మద్రాసు వ్యాజ్యము నేర్పిన పాఠము

శ్రోతలలో కార్మిక న్యాయశాస్త్రము చదువు విద్యార్థులు కొంద రుందురు. సెక్షన్లు వల్లించుటకు ముందు పెరంబూరు కథ వినుడని వారికి మా మనవి.

1918 ఏప్రిల్ 27న అచ్చట మద్రాసు లేబర్ యూనియన్ వెలసినది. వర్తకులైన సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు గార్లు పూనుకొనగా, బి. పి. వాడియాగారు అధ్యక్షులైరి. 1920లో తగవు ముదిరి బకింగ్‌హాం మిల్లు లాకౌటయ్యెను. కూలీలను ఒప్పందము మీరునట్లు పురికొల్పరాదని బిన్నీ కంపెనీవారు హైకోర్టులో నాయకులపై ఇంజంక్షను పొందిరి. వాడియాగారు సంఘమును వీడిన పిమ్మటనే వ్యాజ్యము చల్లబడినది. ఒప్పందము గౌరవింపదగినదే, కాని ఒంటరి కూలికి బేరమాడు శక్తి యేది?

1921లో ఎన్. ఎం. జోషీగారు కేంద్ర శాసనసభలో సంఘములకు రక్షణ కావలెనని తీర్మానము తెచ్చిరి. 1926లో ట్రేడ్ యూనియన్ చట్టము పుట్టినది. దాని 17, 18 సెక్షన్లు రిజిస్టరైన సంఘములకు కుట్ర కేసులనుండి, సివిలు దావాలనుండి కొంత రక్షణ నొసగెను. నేరము చేయుటకు మాత్రము రక్షణ లేదు. పైగా సంఘము ఏటేట లెక్కలు చూపవలసియుండెను. హక్కు నిచ్చిన చేయియే బాధ్యతను గూడ మోపినది.

2020లో ఆ చట్టము స్థానమున పారిశ్రామిక సంబంధాల స్మృతిని పార్లమెంటు ఆమోదించినది. చట్టముల పేర్లు మారవచ్చును. త్రాసు పట్టువారు తూచవలసినది నాటి ప్రశ్ననే.