రంపపు తరంగానికి లెక్కల కళ్లెం

1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజనీరు మ్యాక్స్ మాథ్యూస్ రాసిన ‘మ్యూజిక్ 1’ ప్రోగ్రాం, ఐబీఎం 704 కంప్యూటర్ చేత 17 సెకన్ల సంగీతం పలికించింది. ఒకటే గొంతు, ఒకటే త్రికోణ తరంగం. కంప్యూటరేమో న్యూయార్క్‌లో ఉంది. అది అంకెలు నింపిన టేపును న్యూజెర్సీకి మోసుకెళితే గానీ వినబడదు. మరుసటి ఏడు వచ్చిన ‘మ్యూజిక్ 2’లో అసలు కిటుకు దొరికింది. తరంగంలో ఒక్క ఆవృత్తిని పట్టికగా మెమరీలో పెట్టి, ఆ అంకెలనే మళ్లీ మళ్లీ చదవడం. చదివే వేగం పెంచితే స్వరం పైకి పోతుంది. తరంగాన్ని పుట్టించే సాఫ్ట్‌వేర్ ఆసిలేటర్‌కు నేటికీ పునాది ఇదే.

కంప్యూటర్ పలికించలేని ధ్వని సిద్ధాంతరీత్యా లేదని 1963లో మాథ్యూస్ రాశారు. మాట నిజమే. కానీ శ్రోతల మనసు దోచింది 1964లో రాబర్ట్ మూగ్ మొదలుపెట్టిన అనలాగ్ సింథసైజర్. అందుకు కారణం ఆసిలేటర్ కంటే ఫిల్టరేనని నా అభిప్రాయం. రంపపు తరంగంలో మూల పౌనఃపున్యంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు... ఇలా హార్మోనిక్స్ అన్నీ ఉంటాయి. నేరుగా వింటే గరుకుగా ఉంటుంది. మూగ్ ఫిల్టర్ కటాఫ్ అనే హద్దు పౌనఃపున్యానికి పైనున్న వాటిని ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ చొప్పున అణచివేస్తుంది. రెజొనెన్స్ పెంచితే కటాఫ్ దగ్గరి పౌనఃపున్యాలు ఉబికివస్తాయి. స్వరం మోగుతుండగా కటాఫ్‌ను జరిపితే, యంత్రం నోరు తెరిచి మూసినట్టే ఉంటుంది.

హద్దుల్లేని కంప్యూటర్ చివరికి మూగ్ ఫిల్టర్‌లోని ట్రాన్సిస్టర్లను అనుకరించడానికే నానా తంటాలు పడింది. సెకనుకు 44,100 నమూనాలు తీస్తే 22,050 హెర్ట్జ్‌కు పైబడిన పౌనఃపున్యం ఇమడదు. 1,000 హెర్ట్జ్ రంపపు తరంగాన్ని జాగ్రత్తపడకుండా తయారుచేస్తే, దాని ముప్పయ్యో హార్మోనిక్ 14,100 దగ్గరికి మడతపడి అపశ్రుతిగా దూరుతుంది. దీన్నే ఏలియసింగ్ అంటారు. ఈ చిక్కు మీదా, మూగ్ ఫిల్టర్ మీదా స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టిల్సన్, స్మిత్ 1996లో పరిశోధన పత్రాలు వెలువరించారు. ట్రాన్సిస్టర్లు కలిగించే స్వల్ప వక్రతను కూడా 2004లో పరిశోధకుడు హువొవిలైనెన్ సమీకరణాల్లోకి తెచ్చారు. ఈలోగా 1999లో స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ ప్రమాణం రెండో వెర్షన్ సింథసైజర్‌ను మామూలు పీసీలో ప్లగిన్‌గా మార్చేసింది.

అనలాగ్‌కు అందని దారి మాత్రం 1965 నాటి కూలీ–ట్యూకీ ఎఫ్‌ఎఫ్‌టీ లెక్క నుంచి వచ్చింది. ధ్వనిని వందలాది పౌనఃపున్య ముక్కలుగా విడదీసి, ఒక్కోదాన్ని విడిగా తగ్గించి, హెచ్చించి, తిరిగి కూర్చడం దానివల్ల వేగంగా సాధ్యమైంది. స్పెక్ట్రమ్ ఫిల్టర్ల పని ఇదే.

చదివితే సగమే తెలుస్తుంది. 2020లో వచ్చిన ‘వైటల్’ సాఫ్ట్‌వేర్ సింథసైజర్ ఉచిత వెర్షన్ దించుకుని, రంపపు తరంగం ఎంచుకుని, కటాఫ్‌ను మెల్లగా కిందికి లాగి వినండి.