మొక్కల ఎత్తునకు కళ్లెము

మార్గశిర పుష్యమాసములలో హైదరాబాదు పరిసరములందలి తోటలలో ఎర్రని తలలతో కానవచ్చు మొక్క పాయిన్‌సెట్టియా. నేలలో నాటి దాని మానాన దానిని విడిచినచో అది మనిషిని మించి పది పన్నెండు అడుగుల పొద యగును. అంగళ్లలో అమ్మకమునకు పెట్టిన కుండీలో మాత్రము అదే జాతి మొక్క అడుగు, అడుగున్నర ఎత్తున గొడుగు విప్పినట్లు కుదురుగా నిలిచియుండును. ఈ భేదమునకు కొంత వంగడము కారణము; కొంత పెంపకము కారణము. మూడవ కారణము, ఆకులపై పిచికారి చేయు ఒక రసాయనము.

ఆ రసాయనపు కథ పూలకుండీతో ముగియలేదు. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు రహదారిపై తుక్కుగూడ యున్నది. దానికి పడమట శంషాబాదు. ఆ రెంటి నడుమ 2008లో విమానాశ్రయము వెలసినది. శంషాబాదునకు ఉత్తరమున వ్యవసాయ పరిశోధనలకు పేరొందిన రాజేంద్రనగరమున్నది. ఈ ప్రాంతపు ద్రాక్షపందిళ్లకును, వరి పరిశోధనకును పాయిన్‌సెట్టియాతో ఒక చుట్టరికము కలదు. మొక్క ఎందుకు పొడవగును, దానిని ఎట్లు ఆపవచ్చును అను ప్రశ్నయే ఆ చుట్టరికము.

పాయిన్‌సెట్టియా జన్మస్థానము మెక్సికో. ఆముదము, జెముడు దాని కుటుంబమునకే చెందినవి. జెముడునకు వలెనే దీనికిని ఆకు త్రుంచినచో పాలు కారును. ఎర్రగా కనబడునవి పూరేకులు కావు. పూలగుత్తిని చుట్టియుండు ఆకులు. వీనిని పుచ్ఛములందురు. అసలు పూలు నడుమ పసుపుపచ్చగా, చిన్నవిగా నుండును. రాత్రులు దీర్ఘమైనపుడే ఈ మొక్క పూయును గనుక దాని ఎరుపు చలికాలముననే వచ్చును. మెక్సికోలో అమెరికా రాయబారిగా నుండిన జోయెల్ పాయిన్‌సెట్ 1828 ప్రాంతమున దీనిని స్వదేశమునకు పంపెను. మొక్కకు ఆయన పేరే నిలిచినది. ఇరువదవ శతాబ్దమున కాలిఫోర్నియాలో ఎకీ కుటుంబము వారు దీనిని క్రిస్మసు పండుగ మొక్కగా వ్యాపారములోనికి తెచ్చిరి.

కాని గాజుటిండ్లలో ఒక చిక్కు వచ్చినది. కుండీలు దగ్గర దగ్గరగా నుండును. వెలుతురు తక్కువ, వెచ్చదనము ఎక్కువ. అట్టి చోట కాండము సన్నగా సాగి వాలిపోవును. బండిలో ఎక్కించునప్పటికే కొమ్మలు విరుగును. ఇట్టి మొక్కలో కణుపులు ఎక్కువ లేవు. పొట్టిమొక్కకెన్ని కణుపులో దీనికిని రమారమి అన్నియే. కణుపునకు కణుపునకు నడిమి దూరము మాత్రమే పెరిగినది. ఆ నడిమి భాగమును సాగదీయునది యేది?

దీనికి సమాధానము పూలతోటలో గాక వరిమడిలో దొరికినది. జపానులోను, నాడు జపాను ఏలుబడిలో నుండిన తైవానులోను వరినారునకు ఒక విచిత్రమైన తెగులు వచ్చుచుండెను. తెగులు సోకిన మొలక తోటి మొలకలకన్న ఎంతో పొడవుగా, పాలిపోయి పెరిగి, తుదకు చచ్చుటయో తాలుగింజల వెన్ను వేయుటయో జరుగును. రైతులు దానిని ‘వెర్రిమొలక’ యను అర్థము వచ్చు పేరుతో పిలిచిరి. తెగులునకు కారణము ఒక శిలీంధ్రము. 1926లో తైవానులో కురొసావా అను శాస్త్రజ్ఞుడు ఆ శిలీంధ్రమును ద్రవములో పెంచి, శిలీంధ్రమును వడగట్టి తీసివేసి, మిగిలిన ద్రవమును మాత్రమే మొలకలకు పట్టించెను. అవియును అట్లే సాగినవి. మొక్కను సాగదీయునది శిలీంధ్రము విడుచు పదార్థమని దీనివలన తేలినది. 1935లో యబుతా దానికి గిబ్బరెలిన్ అని పేరు పెట్టెను. 1938లో ఆయన సుమికితో కలిసి దానిని స్ఫటికములుగా వేరు చేసెను.

ఈ సంగతి రెండవ ప్రపంచ యుద్ధానంతరము గాని పాశ్చాత్య ప్రయోగశాలలలో ప్రచారము కాలేదు. 1950లలో ఇంగ్లండులోను, అమెరికాలోను పరిశోధనలు సాగినవి. పొట్టి బఠానీ మొక్కలకును, పొట్టి మొక్కజొన్నకును గిబ్బరెలిన్ ఇచ్చినచో అవి పొడవుజాతుల వలె పెరుగుట చూచిరి. 1958లో మెక్‌మిలన్, సూటర్ అనువారు చిక్కుడు జాతి గింజలనుండియే గిబ్బరెలిన్‌ను తీసిరి. అనగా ఇది తెగులు తెచ్చిన పరాయి పదార్థము మాత్రమే కాదు. మొక్క తన పెరుగుదలకై తానే తయారుచేసికొను హార్మోను.

అంతట ప్రశ్న తిరుగబడినది. గిబ్బరెలిన్ హెచ్చినపుడు మొక్క సాగినచో, దాని తయారీని అడ్డగించిన మొక్క పొట్టిగా నుండవలెను. మొక్కలను పొట్టిపరచు రసాయనములు ఒకటి రెండు 1949 నాటినుండియే తెలిసియుండెను. 1960లో మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున టోల్బర్ట్ అను శాస్త్రజ్ఞుడు వానికన్న అనువైన దానిని ప్రకటించెను. దాని పేరు క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్, వాడుకలో సి.సి.సి. అందురు. జీవకణములలో సర్వత్ర ఉండు కోలిన్ అను పదార్థములో ఒక హైడ్రాక్సిల్ భాగమును తీసి అచ్చట క్లోరిన్ పరమాణువును ఉంచినచో సి.సి.సి. యగును. మార్పు చిన్నది, ఫలితము పెద్దది. ఆ కాలముననే, ఆ విశ్వవిద్యాలయముననే దీనిని చామంతిపైనను, పాయిన్‌సెట్టియాపైనను పరీక్షించి చూచిరి.

గిబ్బరెలిన్ ఒక్కమారుగా తయారు కాదు. మొక్కలో అది మెట్టు వెంట మెట్టుగా, ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క ఎంజైము సహాయమున రూపొందును. సి.సి.సి. మొదటి మెట్లనే అడ్డును. 1960ల ఆరంభమున వచ్చిన డామినోజైడ్ అను మరియొక రసాయనము చివరి మెట్లను అడ్డును. ఈ రెంటిని కలిపి పిచికారి చేయుట పాయిన్‌సెట్టియా పెంపకములో వాడుక యైనది. కణుపుల దూరము తగ్గును, కాండము గట్టిపడును, ఆకుపచ్చ చిక్కనగును. మోతాదు మించినచో ఆకుల అంచులు పసుపుబారును. ఎరుపు వచ్చు వేళకు ఆలస్యముగా చల్లినచో పుచ్ఛములు కూడ చిన్నవగును. కావున కాలమెరిగి వాడుట ముఖ్యము.

ఎత్తు సంగతి ఇట్లు తేలినది. కొమ్మల సంగతి వేరు. కొనమొగ్గ ఉన్నంతకాలము ప్రక్కమొగ్గలు అణగియుండును. దీనిని అగ్రాధిక్యత యందురు. కొనమొగ్గ నుండి దిగివచ్చు ఆక్సిన్ అను హార్మోనునకు ఇందులో ప్రధాన పాత్ర కలదని 1930లలో థీమన్, స్కూగ్ చూపిరి. తోటమాలులు తల త్రుంచి కొమ్మలు వేయించుటలోని కిటుకు ఇదియే. అయితే 1960లలో నార్వే నుండి వచ్చిన ఒక పాయిన్‌సెట్టియా వంగడము తల త్రుంచినంతనే మిక్కిలి ధారాళముగా కొమ్మలు వేసెను. అది వంగడపు గుణమని చాలకాలము తలచిరి. కొమ్మలు వేయని మొక్కను దానితో అంటుకట్టినచో ఆ మొక్కయు కొమ్మలు వేయనారంభించుట మాత్రము ఆశ్చర్యము గొలిపెను. 1997లో లీ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు అసలు కారణమును ప్రకటించిరి. ఆ మొక్కల నాళములలో ఫైటోప్లాస్మా అను గోడలేని సూక్ష్మజీవి కాపురమున్నది. ఇతర పంటలలో తెగుళ్లు తెచ్చు జాతికి చెందిన ఆ జీవియే ఈ పూలమొక్కకు అందమును ఇచ్చినది. అందరును గుణమనుకొన్నది నిజమునకు ఒక సోకు!

ఇక హైదరాబాదు ద్రాక్ష. నైజాము కాలమున ఇచ్చటికి వచ్చిన అనాబ్-ఎ-షాహి ద్రాక్ష ఈ నగరము పేరును దేశమంతట వినిపించినది. తరువాతి కాలమున విత్తులేని థామ్సన్ రకము కూడ పందిళ్లకెక్కినది. చలిదేశములలో ద్రాక్షతీగ శీతకాలమున ఆకురాల్చి నిద్రించును. ఇచ్చట దానికి నిద్ర లేదు. ఏడాది పొడవున తీగ సాగుచునే యుండును. అందుచే రైతు ఏటికి రెండుమార్లు కత్తిరించును. వేసవి కత్తిరింపు కొమ్మలను సిద్ధపరచుటకు. అక్టోబరు ప్రాంతపు కత్తిరింపు కాపు కొరకు. వేసవి కత్తిరింపు తరువాత వచ్చు కొమ్మల మొగ్గలలోనే రాబోవు గుత్తి రూపుకట్టును. తీగ విపరీతముగా సాగినచో ఆ మొగ్గలు గొడ్డుపోవును.

ఇందులో ఒక చక్కని ప్రకృతి రహస్యము కలదు. ద్రాక్షలో నులితీగయు, పండ్లగుత్తియు ఒకే విధమైన మూలాంకురమునుండి పుట్టును. గిబ్బరెలిన్ బలము హెచ్చినచో అది నులితీగ యగును. తగ్గినచో గుత్తి యగుటకు అవకాశము కలుగును. ఆస్ట్రేలియాలో సి. శ్రీనివాసన్, మల్లిన్స్ అను శాస్త్రజ్ఞులు 1970ల చివర దీనిని విశదపరచిరి. కనుకనే వేసవి కత్తిరింపు తరువాత కొమ్మలపై సి.సి.సి. చల్లు పద్ధతి భారతదేశపు ద్రాక్షతోటలలో వ్యాపించినది. గాజుటింటి పూలకుండీలో అందము కొరకు వాడిన మందు ఇచ్చట కాపు కొరకు పనికివచ్చినది.

కాని పూవును ఎవ్వరును తినరు, పండును తిందురు. చిక్కంతయు ఈ భేదములోనే యున్నది. డామినోజైడ్‌ను అమెరికాలో ఆపిల్ తోటలలో కూడ వాడుచుండిరి. కాయ రాలక చెట్టున నిలుచుటకును, రంగు కుదురుటకును అది తోడ్పడెను. అయితే అది విచ్ఛిన్నమై ఏర్పడు ఒక పదార్థము కేన్సరు కలిగించునేమో యను ఆందోళన పెరిగెను. 1989లో ఆహారపు పంటలపై ఆ మందు వాడకము అమెరికాలో నిలిచిపోయినది. పూలమొక్కలపై వాడకము మాత్రము కొనసాగినది.

సి.సి.సి. వంతు 2010లో వచ్చినది. భారతదేశము నుండి యూరపునకు ఎగుమతియైన ద్రాక్షలో దాని అవశేషములు కనబడినవి. అచ్చట ద్రాక్షకు నిర్ణయించిన పరిమితి కిలోకు 0.05 మిల్లీగ్రాములు. ఆ పరిమితిని దాటిన సరకు రేవులలో నిలిచిపోయి, ముఖ్యముగా మహారాష్ట్ర రైతులకును, ఎగుమతిదారులకును భారీ నష్టము కలిగెను. ఒక సంగతి గమనింపదగినది. ఆ స్వల్ప పరిమితి దాటిన ప్రతి పండును విషమని దాని అర్థము కాదు. అదే మందును యూరపులో గోధుమ పడిపోకుండ వాడుదురు. గోధుమకు పరిమితి ఇంతకంటె ఎక్కువ. ద్రాక్షపై అచ్చట అనుమతి లేదు గనుక పరీక్షకు అందు కనీస మాత్రనే హద్దుగా పెట్టిరి. అయినను కొనువాని హద్దు ఏదో తెలియక చల్లినచో నష్టపోవునది చల్లినవాడే.

ఆహారపు పంటను మందు చల్లకుండ పొట్టిపరచుటకు వీలు లేదా? కలదని వరియే చూపినది. పూర్వపు పొడవు వరికి ఎరువు హెచ్చుగా వేసినచో చేను పడిపోయెడిది, గింజ నీటిపాలయ్యెడిది. తైవానుకు చెందిన ఒక పొట్టివరి గుణమును తీసికొని ఫిలిప్పీన్సులో ఐ.ఆర్. 8ను సృజించి 1966లో విడుదల చేసిరి. మరుసటి సంవత్సరము పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దానిని పండించి చూపిరి. రాజేంద్రనగరమున 1965లో అఖిల భారత వరి అభివృద్ధి పథకము ఆరంభమైనది, ఎస్. వి. ఎస్. శాస్త్రి గారు దానిని నడపిరి. ఆ పథకము ద్వారా 1968లో ‘జయ’ యను పొట్టివరి వెలువడెను. ఆ కొరత గుణము యొక్క రహస్యము 2002లో గాని బయటపడలేదు. అందలి లోపము గిబ్బరెలిన్ తయారుచేయు ఒక ఎంజైములోనే యున్నది! మెట్లలో ఒకదానిని సి.సి.సి. మందుతో అడ్డగించును, పొట్టివరిలో వేరొక మెట్టు పుట్టుకతోనే సన్నగిల్లినది. ఫలితము ఇంచుమించు ఒకటే. కాని గింజలో మందు అవశేషమనునది లేదు. మొక్కను అతిగా సాగదీయు తెగులుపై కురొసావా పరిశోధన చేసిన ద్వీపమునుండియే దానిని పొట్టిపరచు గుణము కూడ వచ్చుట విశేషము.

గిబ్బరెలిన్ ఎల్లపుడు శత్రువు కాదు. తెలంగాణములో కరీంనగరు ప్రాంతపు సంకరవరి విత్తనక్షేత్రములలో దానినే కొని చల్లుదురు. అచ్చటి ఆడవరుసలలో వెన్ను పోటాకు తొడిమలోనే చిక్కుకొని పూర్తిగా బయటికి రాదు. గిబ్బరెలిన్ తగిలినచో వెన్ను పైకి సాగి పుప్పొడిని అందుకొనును. ఒకచోట ఆపవలసినది మరియొకచోట అందింపవలసి వచ్చినది.

ఉపాధ్యాయులు ఈ పాఠమును మందు లేకుండగనే చూపవచ్చును. బఠానీనో చిక్కుడునో రెండు కుండీలలో విత్తి, ఒకదానిని ఎండలోను, మరియొకదానిని గది మూలనీడలోను ఉంచి, రెండు వారముల తరువాత విద్యార్థులచే కణుపులు లెక్కింపజేసి, వాని నడిమి దూరమును స్కేలుతో కొలిపింపవలెను. కణుపుల సంఖ్యలో అంతగా భేదము కనబడదు, దూరములో కనబడును. పాయిన్‌సెట్టియా పెంపకందారును, తుక్కుగూడ వైపు ద్రాక్షరైతును, రాజేంద్రనగరపు వరి శాస్త్రజ్ఞుడును కొలిచినది ఆ దూరమునే.