పాత అంబాసిడర్ వెనక అద్దం ఎందుకు కారుతుంది?

వాన పడితే పాత అంబాసిడర్ డిక్కీలోకి నీళ్ళెలా వస్తాయి? ఈ కథ 1839లో మొదలవుతుంది. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేశాడు. అప్పటిదాకా ఎండకి జిగటగా, చలికి పెళుసుగా మారే రబ్బరు గట్టిగా నిలబడింది. కార్ల అద్దాలకి కాపలా కాసింది అలాంటి రబ్బరే.

1958లో బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్‌తో మన అంబాసిడర్ వచ్చింది. ఇవాళ్టి కార్లలో వెనక అద్దాన్ని గ్లూతో అతికిస్తారు. అందులో మాత్రం పట్టుకునేది రబ్బరు బీడింగే. ఒక గాడిలో అద్దం, ఇంకో గాడిలో బాడీ రేకు అంచు. అంటే, పాడైతే మార్చుకునేలాగే చేశారన్నమాట!

ఏళ్ళ తరబడి ఎండకి బీడింగ్ బిగుసుకుపోతుంది, మూలల్లో సందు పడుతుంది. చాలామంది పైన సిలికాన్ పూసేస్తారు. లోపలికి దూరిన నీళ్ళు బయటికి పోలేక రేకుని తుప్పు పట్టిస్తాయి. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఆధారం. అందుకే ఈ తుప్పు చిన్న విషయం కాదు.

మరి రిపేర్ ఎలా? మెరిసే పట్టీ తీసి, అద్దం దింపి, తుప్పు గీకి, ప్రైమర్, పెయింట్ వేయాలి. కొత్త బీడింగ్‌ని అద్దానికి తొడిగి, రెండో గాడిలో తాడు చుట్టి, సబ్బునీళ్ళు రాయాలి. బయట ఒకరు నొక్కుతుంటే లోపల ఇంకొకరు తాడు లాగాలి. రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది.

2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఉన్నవాటినే కాపాడుకోవాలి. మీ ఇంట్లో ఒకటుంటే, ఈ వానకి ముందే డిక్కీలో మ్యాట్ ఎత్తి చూడండి!