గ్యాస్ మాత్ర అందరికీ ఒకేలా ఎందుకు పనిచేయదు?

ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు మొదలైతే పరగడుపున ఒక గ్యాస్ మాత్ర వేసుకోవడం చాలా ఇళ్లలో మామూలే. ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ ఈ కోవలోవే. అదే మాత్ర ఒకరికి బాగా పనిచేస్తే, మరొకరికి మంట తగ్గదు. దీనికి ఒక కారణం లివర్‌లో ఉంది.

లివర్‌ ఏం చేస్తుంది?

మాత్ర పేగుల్లో కరిగి రక్తంలో కలుస్తుంది. రక్తం ద్వారా కడుపు గోడలోని కణాలకు చేరి, అక్కడ యాసిడ్‌ను తోడే పంపులను మూసేస్తుంది. ఈలోగా లివర్‌లోని ఎంజైములు మందును ముక్కలు చేసి, శరీరం బయటికి పంపేలా మారుస్తాయి. ఒమెప్రజోల్ విషయంలో ఈ పని ఎక్కువగా చేసేది సీవైపీ2సీ19 అనే ఎంజైము. రాబెప్రజోల్ మాత్రం దీనిమీద అంతగా ఆధారపడదు.

మనిషికో వేగం

ఈ ఎంజైము జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ చురుకైనవైతే మందు త్వరగా ఖర్చైపోయి మంట మిగిలిపోవచ్చు. రెండూ పనిచేయనివైతే మందు రక్తంలో ఎక్కువసేపు ఉంటుంది, యాసిడ్ బాగా తగ్గుతుంది. ఇలాంటివారు యూరప్‌లో కంటే ఆసియాలో ఎక్కువ.

గుండె రోగులు జాగ్రత్త

స్టెంట్ వేసుకున్న చాలామందికి రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ ఇస్తారు. అది పనిచేయాలంటే ముందు లివర్‌లో మారాలి. ఆ మార్పులో ముఖ్యపాత్ర కూడా సీవైపీ2సీ19దే. ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో గుండె మందు బలం తగ్గుతుంది. అందుకే ఈ రెండు మందులు కలపొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరించింది. పాంటోప్రజోల్‌తో ఈ అడ్డు తక్కువ.

అలాగని గ్యాస్ మాత్రను మీ అంతట మీరే ఆపేయకండి. రక్తం పలచబరిచే మందులతో కడుపులో రక్తస్రావం కాకుండా డాక్టరే దాన్ని రాసి ఉండొచ్చు. క్లోపిడోగ్రెల్‌నైతే అస్సలు ఆపకూడదు, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. లివర్ జబ్బు ఉంటే ఆ మాట కూడా చెప్పండి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు చూపించండి. దుకాణంలో అడిగి తెచ్చుకున్న గ్యాస్ మాత్ర కూడా అందులో ఉండాలి.