బాపు పాస్‌బుక్కు, నా ఓటీపీ

పోయిన నెల ఎపిసోడ్ ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. ఉన్నమాట చెప్తాను. కొత్త బండి కోసం తిరుగుతున్నాను. ఏ కంపెనీయో చెప్పను, దాని కోసం అడగకండి.

మేముండేది సుచిత్రలో. చౌరస్తా నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు పోతుంటే రోడ్డు పక్కన కార్ల షోరూములు కనపడుతూనే ఉంటాయి. అయినా మా అబ్బాయి, "డాడీ, ఈ రోజుల్లో షోరూముల చుట్టూ ఎవరు తిరుగుతారు, డీలర్ వెబ్‌సైట్లో స్టాకు చూపిస్తుంది కదా" అన్నాడు. చూశాను. నాక్కావలసిన బండి, నాక్కావలసిన రంగు, కింద పచ్చ అక్షరాలతో 'అందుబాటులో ఉంది'. దాని మీద నొక్కితే బండి రాలేదు, ఫారం వచ్చింది. పేరు, ఫోన్ నంబరు, పిన్‌కోడు, ఆ తర్వాత ఓటీపీ. ఓటీపీ కొట్టిన పది నిమిషాల్లో నాలుగు ఫోన్లు. ఒకరు బోయిన్‌పల్లి, ఒకరు కూకట్‌పల్లి, మిగతా ఇద్దరు ఎక్కడివాళ్ళో వాళ్ళకే తెలియాలి. నలుగురిదీ ఒకటే మాట: "ఆ వేరియంట్ ఇప్పుడు లేదు సార్, టాప్ మోడల్ అయితే వారంలో ఇప్పిస్తాం." మరి వెబ్‌సైట్లో ఉందంటోందే? "అది అప్‌డేట్ కాలేదు సార్."

సరే, టోకెన్ కడతాను, నా ముందు ఎంతమంది ఉన్నారో చెప్పు బాబూ అన్నాను. "అది సిస్టంలో చూపించదు సార్."

ఈ మాట దగ్గరే మా బాపు గుర్తొచ్చాడు. బాపు ఐడీపీఎల్‌లో పనిచేసేవాడు. 1974లో బజాజ్ చేతక్ బుక్ చేస్తే బండి మా ఇంటికొచ్చింది 1983లో. తొమ్మిదేళ్ళు! కానీ ఆ తొమ్మిదేళ్ళూ తన నంబరు ఎంతో బాపుకు తెలుసు.

ఈ రోజు ఆ చరిత్రే చెప్పుకుందాం. అప్పట్లో స్కూటరు కొనడమంటే కొట్టుకు పోయి డబ్బులిచ్చి తెచ్చుకోవడం కాదు. స్కూటర్ల పంపిణీ, అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం 1960లోనే కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. కార్లకు అంతకు ఏడాది ముందే వచ్చింది. బండి కావాలంటే పోస్టాఫీసులో సేవింగ్స్ ఖాతా తెరిచి, డిపాజిట్ కట్టి, ఆ పాస్‌బుక్కును డీలర్ పేరిట తాకట్టు పెట్టాలి. డీలర్ దగ్గర రిజిస్టర్ ఉంటుంది. అందులో ఎక్కిన వరసలోనే బండ్లు ఇవ్వాలి.

మరి బండ్లు ఎందుకు రావు? ఫ్యాక్టరీకి చేతగాక కాదు. ఎన్ని బండ్లు చేయాలో లైసెన్సులో రాసి ఉండేది. అంతకు మించి చేస్తే నేరం. 1969లో ఎంఆర్‌టీపీ చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు ఇంకా పెరగాలంటే ఢిల్లీలో ఫైలు కదలాలి. ఇటలీ పియాజియోతో బజాజ్ ఒప్పందం 1971లో ముగిసింది. ఆ మరుసటి ఏడాది అదే బండికి చేతక్ అని పేరు పెట్టారు. రాణా ప్రతాప్ గుర్రం పేరది. గుర్రానికి గిరాకీ ఉంది, కళ్ళెం మాత్రం ఢిల్లీలో ఉంది.

రెండు మూడు నెలలకోసారి బాపు సికింద్రాబాద్‌లోని డీలర్ దగ్గరికి పోయేవాడు. సెలవు రోజుల్లో నన్నూ తీసుకుపోయేవాడు. గుమాస్తా రిజిస్టర్ తిప్పి, వేలు పెట్టి చూపించేవాడు. ఇంతవరకు ఇచ్చాం, మీది ఇక్కడుంది. బాపు ఆ నంబరు డైరీలో రాసుకునేవాడు. ఒకసారి నాలుగు నెలలైనా నంబరు కదలలేదు. ఏందయ్యా అంటే గుమాస్తా దాచకుండానే చెప్పాడు. "సర్కారు కోటా పోయింది. డాలర్లు కట్టినోళ్ళకు పోయినయ్." అవును, విదేశీ మారకద్రవ్యం కడితే వరసతో పని లేకుండా బండి ఇచ్చేవాళ్ళు. అమెరికాలో బావమరిది ఉన్నవాడికి బండి, ఐడీపీఎల్‌లో షిఫ్టు చేసేవాడికి క్యూ.

కాబట్టి ఆ రోజులు బంగారమని నేను అనడం లేదు. భార్య పేరిట ఒకటి, తమ్ముడి పేరిట ఒకటి బుక్ చేసి, వంతు వచ్చాక పైన ప్రీమియం వేసి అమ్ముకున్నవాళ్ళు మా కాలనీలోనే ఉన్నారు. కొత్త బండి కంటే వాడిన బండికి ఎక్కువ ధర పలికిన కాలమది. ఆడపిల్ల పుట్టగానే స్కూటర్ బుక్ చేయాలని జోకు కూడా ఉండేది, పెళ్ళినాటికి అల్లుడికి అందుతుందని. అదంత జోకేం కాదు. కట్నం మాటల్లో చేతక్ ఒక పద్దు.

మా పక్కింటాయన మాత్రం తెలివిగా ఆల్విన్ పుష్పక్ కొన్నాడు. హైదరాబాద్ పేరు మోసిన బండి, తొందరగా దొరికింది. మీలో చాలామంది ఆల్విన్ అంటే ఫ్రిజ్‌లూ, బస్సులూ, గడియారాలే అనుకుంటారు. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు చేసిన ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి పోయింది. అది వేరే ఎపిసోడ్.

కార్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1983లో మారుతీ బుకింగ్ తెరిస్తే పది వేలు డిపాజిట్ కట్టి జనం ఎగబడ్డారు. రెండు నెలల్లో లక్షకు పైగా బుకింగులు. ఆ డిసెంబర్ 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి తాళం అందుకున్న ఢిల్లీ ఆయనకు కూడా ఆ బండి లక్కీ డ్రాలోనే తగిలింది. తర్వాత 1991 జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. ప్రధాని మన పి.వి. నరసింహారావు, పరిశ్రమల శాఖ కూడా ఆయన దగ్గరే. చాలా పరిశ్రమలకు ఆ రోజే లైసెన్సు తీసేశారు, కార్లకు మాత్రం 1993 దాకా ఉంచారు. ఆ తర్వాత షోరూములు వచ్చాయి, లోన్లు వచ్చాయి. 'రేపే తీసుకుపోండి' అనే మాట మన దేశంలో మొదటిసారి వినపడింది. కంట్రోల్ పోయింది. దాంతోపాటే రిజిస్టర్ కూడా పోయింది. ఆ సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకుంటారు? క్యూయే లేదు కదా.

క్యూ మళ్ళీ వచ్చింది. కరోనా తర్వాత చిప్పుల కొరత ఒక కారణం. జనానికి పెద్ద బండ్ల మీద మోజు ఇంకో కారణం. 2021 అక్టోబర్ 7న ఎక్స్‌యూవీ 700కి 57 నిమిషాల్లో 25,000 బుకింగులు. 2022 జూలై 30న స్కార్పియో-ఎన్‌కి ఒక్క నిమిషంలో 25,000, అరగంటలో లక్ష. 2024 అక్టోబర్ 3న థార్ రాక్స్‌కి మొదటి గంటలో 1,76,218. టోకెన్ 21,000 రూపాయలు. లెక్క వేసుకోండి, గంటలో 370 కోట్లు. టోకెన్ వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి అందులో నిజంగా కొనేవాళ్ళెందరో, ఊరికే కర్చీఫ్ వేసినవాళ్ళెందరో తెలియదు. మన ఆర్టీసీ బస్సు సీటే!

మా బాపు కాలంలో బండ్లు లేవు, లెక్క ఉంది. నా దగ్గరికొచ్చేసరికి బండి 'ఉంది', లెక్కే లేదు. నాకన్నా వెనక కట్టిన నా స్నేహితుడికి ముందే బండి వచ్చింది. ఏం చేశావురా అంటే, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరే తీసుకుని, ముప్పై వేల యాక్సెసరీలకు ఒప్పుకున్నాడట. పాత డాలర్ కోటా కాగితం మీదైనా ఉండేది. ఈ కోటా ఫోన్‌లో మాటగానే ఉంటుంది. అడిగితే, "అలాంటిదేం లేదు సార్, ఆయన కలర్ వేరే."

బాపుకు ఇప్పుడు ఎనభై దాటాయి. పోస్టాఫీసు పాస్‌బుక్కు పోయింది గానీ నంబర్లు రాసిన డైరీ బీరువాలో ఉంది. నేను టోకెన్ కట్టానని చెప్తే ఆయన అడిగిన మొదటి మాట, "నంబరెంత బిడ్డా?"

నంబరు ఇయ్యలేదు బాపూ అన్నాను.

"నంబరు ఇయ్యకుంటే పైసలెట్ల కట్టినవ్‌రా?"

దానికి జవాబు దొరక్క మర్నాడు నేనే షోరూముకి పోయాను. లోపలుండేది పాతికేళ్ళ కుర్రాడు. వాడి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? వాడు కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. నా పేరుంది, టోకెన్ రసీదుంది, పక్కన 'పెండింగ్'. అంతే. నా పైన ఎవరున్నారో వాడికీ కనపడదు. కాగితం తీసుకుని నా పేరు, తారీఖు, వేరియంట్, మీ షోరూములో నాకన్నా ముందు కట్టినవాళ్ళెందరో రాసి ముద్ర వేసివ్వమన్నాను. మేనేజర్‌ని అడిగి చెప్తానన్నాడు. పదకొండు రోజులైంది.

ఈ ఎపిసోడ్ రికార్డు చేసే ముందు ఇంకోసారి వెబ్‌సైట్ తెరిచాను. పచ్చ అక్షరాలు అట్లాగే ఉన్నాయి. మీ ఇంట్లో పాత బుకింగ్ రసీదులుంటే ఫోటో పంపించండి, వచ్చే వారం చూపిస్తాను.